ఉప్పు చేయి

ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలందురు. అయినను ఈ మాసము మా ఇంటిగుట్టు నొకదానిని సోదరీమణుల యెదుట పెట్టదలచితిమి. ఇందుకు మావారి యనుమతియు, అంతకంటె ముఖ్యముగా మా అత్తగారి యనుమతియు పొందియే కలము పట్టితిమి. ఆమె మొదట వలదనిరి. రెండు దినము లూరకుండి, మూడవనాటి సాయంకాలము మనుమరాలికి మల్లెలు కట్టుచు, తల యెత్తకయే, "రాయవే అమ్మాయీ. ఏ యింటి కోడలికైనా పనికొస్తుందేమో" అనిరి. కావున వ్రాయుచున్నాము.

మేము కాపురమునకు వచ్చినది 2010వ సంవత్సరమున. మావారు ఉన్నతపాఠశాలలో లెక్కల మాస్టారు. ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. అత్తగారు వంట యంతయు తామే చేసెడివారు. పప్పు నుడికించి, పులుసు మరగించి, కూర తాలింపు పెట్టి, తమకు కావలసినంత ముందుగా గిన్నెలోనికి తీసి మూత పెట్టుకొని, అటుతరువాత మమ్ము పిలిచెడివారు: "అమ్మాయీ, ఉప్పు వేసిపో." మేము పెరటిలో బట్టలు పిండుచున్నను సరే, పిల్లవానికి పాలిచ్చుచున్నను సరే, ఆ పిలుపు వినబడగానే పోయి, జాడీ మూత తీసి, అన్నింటను ఉప్పు వేసి రావలసినదే. మేము పుట్టింటికి పోయిన దినములలో ప్రక్కయింటివారి నెవరినైన పిలిచి వేయించుకొనెడివారట. తాము మాత్రము ముందుగా తీసిపెట్టుకొన్న ఆ చప్పిడికూడే భుజించెడివారు. ఉప్పు చేతి కీయరాదు, దీపము పెట్టిన పిదప ఉప్పు బదు లీయరాదు అను నియమములు మన యిండ్ల కలవు గదా. ఇదియు నట్టి యాచార మేదియో కాబోలునని మేము మూడేండ్లు తలంచితిమి. అడుగుటకు నోరు రాలేదు. క్రొత్తకోడలికి ఎన్నిటికని నోరు వచ్చును?

నాలుగవయేట ఆవకాయ దినములలో అత్తగారి చెల్లెలు వచ్చిరి. కాయలు తుడుచుచు ఆమె, "మా అక్క ఆవకాయ కలిపిందంటే వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది. ఇప్పుడు చూడు, ఉప్పుకల్లు ముట్టదు" అని నిట్టూర్చిరి. అప్పుడు గాని మాకు సంగతి తెలియలేదు.

మా మామగారు 1998లో గతించిరి. అప్పటికి వారికి 41 యేండ్లు. వారును ఉపాధ్యాయులే. ఉదయమున బడికి పోవుటకు చొక్కా తొడుగుకొనుచు, తల పగిలిపోవుచున్నదని చెప్పి మంచముమీద కూలబడినవారు మఱి లేవలేదు. రక్తపుపోటు హెచ్చి మెదడులో నరము చిట్లినదని వైద్యుడు చెప్పెను. చెప్పి పోవుచు, ఉప్పు తగ్గింపుమని తాను మునుపే చెప్పితిననియు గొణిగెను. ఆయన మామూలుగా అనిన మాటయే కావచ్చును. కాని పదియవనాడు, ఇంటినిండ బంధువులు కూడియుండగా, మా అత్తగారి అత్తగారు కోడలివంక చూచి, "నీ చేతి ఉప్పే నా కొడుకును పొట్టను బెట్టుకుందే" అనెను. నాటికి మా అత్తగారికి 34 యేండ్లు. పెద్దకొడుకునకు పదునాలుగు, చిన్నకొడుకున కైదు. ఆ దినము మొదలు ఆమె ఉప్పు ముట్టలేదు. బంధువులలో ఆమెకు ఉప్పుచేయి యని పేరు నిలిచిపోయెను. పెండ్లిండ్లలో వంటయింటివైపు ఆమె పోయినచో, నవ్వుచునే యైనను, ఎవరో ఒకరు ఆ మాట జ్ఞాపకము చేసెడివారట.

ఇందులో మాకు నేటికిని కడుపు మండించు సంగతి యొకటి కలదు. ఆ పెద్దమ్మ భర్తయు 38వ యేట పొలమునుండి వచ్చి పక్షవాతముతో పడిపోయి, వారము తిరుగకుండ గతించెను. ఆమె కూతురు తొలికాన్పున మూర్ఛలు వచ్చి పోయినది. ఆ దినములలో ఆ యింట ఉప్పు వేసిన చేయి ఎవరిది? ఆమెదే గదా. ఆ మాట అడిగినవారు లేరు. ఆమెకును తోచినట్లు లేదు. ఒక యింట మువ్వురు అకాలమున పోయిన తరువాతనైనను, ముగ్గురిని ఒక్క వరుసలో నిలిపి చూచినవా రెవరును లేకపోయిరి.

అటులే యేండ్లు గడచెను. 2022లో మా మఱదికి 29 యేండ్లు. వివాహమై యెనిమిది నెలలైనది. తెల్లవారుజామున తలనొప్పి యనుచుండెను. రాత్రులు నాలుగైదుమార్లు లేచుచుండెను. ఒకచోట చూపింపగా రక్తపుపోటు 190/120 ఉన్నది. మందులు వ్రాసియిచ్చిరి, అందులో మూత్రము హెచ్చుగా పోవుటకై యొక బిళ్ల. దానిని మ్రింగిన మూడవవారమున ఒకనాడు నేలమీద కూర్చుండి భుజించి లేవబోయి లేవలేకపోయెను. "వదినా, కాళ్లు నావి కానట్టున్నాయి" అని మావంక చూచిన ఆ చూపు మేము మఱువలేము. ఆసుపత్రిలో నెత్తురు పరీక్షింపగా పొటాషియము 2.4 అని తేలెను, 3.5కు తగ్గరాదట. పరామర్శకు వచ్చిన బంధువులు మంచము ప్రక్కనే నిలిచి, క్రొత్తకోడలివైపు ఓరగా చూచి, "ఈ పిల్లది కూడా అత్తగారిలాగే ఉప్పుచెయ్యి కాబోలు" అని గుసగుసలాడిరి. ఆ బాలిక కన్నుల నీరు నింపుకొన్నది. మా అత్తగారి ముఖము మేము చూడలేదు. చూచుటకు ధైర్యము చాలలేదు.

ఆ సాయంకాలము వచ్చిన వైద్యురాలు మా యీడుదే యుండును. ఆమె మొదట మందులచీటి చూడలేదు. "మీ నాన్నగారు ఏ వయస్సులో పోయారు? ఎలా పోయారు? తాతగారు? మేనత్తలు?" అని యడుగుచు, కాగితముపై మగవారికి చదరములును ఆడువారికి సున్నలును గీయుచు, పోయినవారిపై అడ్డగీత గీయుచు, అరగంట కూర్చుండెను. అడ్డగీతలు మూడైనవి. అప్పుడు మా అత్తగారు లేచి నిలువబడి, "నేను చెప్తానమ్మా. వాళ్ల నాన్న పోయింది నా చేతి ఉప్పువల్ల. ఈ పిల్లనేమీ అనకండి, ఇది వచ్చి ఏడాది కాలేదు" అనిరి. వైద్యురాలు కలము క్రింద పెట్టెను. "అమ్మా, మీరు కూర్చోండి. మీ మామగారు ఎవరి చేతి ఉప్పువల్ల పోయారు?" అని యడిగెను. ఇరువది నాలుగేండ్లుగా ఒక్కరును అడుగని ప్రశ్న అది. అత్తగారు కూర్చుండిరి. జవాబు చెప్పలేదు.

ఇక ఆ రోగ మెట్టిదో మాకు తెలిసినంతవఱకు చెప్పెదము. మా నాయనగారు సంస్కృతపండితులు. మా చదువంతయు ఇంటనే, వారి పాదములకడనే. వైద్యశాస్త్రము మేము నేర్వలేదు. వైద్యురాలు చెప్పినదియు, ఇచ్చిన పుస్తకములు పలుమారు చదివి మేము గ్రహించినదియు ఇది.

మూత్రపిండములు రెంటిమీదను టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. అధివృక్కగ్రంథులని పేరు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువు. వాని పైపొరలో ఆల్డోస్టిరోను అను హార్మోను పుట్టును. దినమంతటికిని పుట్టున దెంతయనగా, గ్రాములో పదివేలవవంతు ప్రాంతము. అంత కొంచెమే యైనను దాని యధికారము పెద్దది. అది మూత్రపిండములతో, "ఉప్పును బయటికి పోనీయకుడు, పొటాషియమును పోనిండు" అని చెప్పును. మన యిండ్ల కొట్టుగది తాళపుచెవులు నడుమున దోపుకొన్న పెద్దకోడలివంటి దనుకొందము. సరకు తఱిగినప్పుడు గట్టిగా పట్టవలెను, నిండుగా నున్నప్పుడు విడువవలెను. తఱిగినదని కబురు తెచ్చునది మూత్రపిండముల నుండియే పుట్టు రెనిను అను ద్రవ్యము. దీనిని 1898లోనే స్వీడను దేశమున టైగర్‌స్టెడ్టు, బెర్గ్‌మను అను నిరువురు కనుగొనిరి. ఉప్పు చాలినంత యున్నప్పుడు రెనిను కబురంపుట మానును, ఆల్డోస్టిరోను తగ్గును. ఆరోగ్యవంతుల శరీరమున ఈ వ్యవహారము రేయింబవళ్లు జరుగుచుండును.

ఆల్డోస్టిరోను అవసరము లేకయే హెచ్చినచో ఉప్పు లోపల నిలుచును. ఉప్పువెంట నీరు నిలుచును. నాళములలో ఒత్తిడి పెరుగును. పొటాషియము పోవుటచే కండరములు బలహీనమగును. మూత్రము జారీచేయు కొన్ని బిళ్లలు పొటాషియమును మఱింత పోగొట్టును. మా మఱది కాళ్లు పడిపోవుటకు కారణ మదియే.

ఈ హార్మోనును 1953లో లండనునగరమున సిల్వియా సింప్సను అను శాస్త్రజ్ఞురాలును జేమ్సు టేటు అను నాయనయు, స్విట్జర్లాండు రసాయనశాస్త్రజ్ఞులతో గూడి వేఱుచేసిరి. కొన్నియేండ్ల కా యిరువురును వివాహమాడిరని చదివి మేము సంతసించితిమి. మఱుసటి సంవత్సరమున అమెరికాలో మిషిగను విశ్వవిద్యాలయపు వైద్యుడు జెరోము కాను వద్దకు ఒక స్త్రీ వచ్చెను. ఏండ్ల తరబడి కాలుసేతులు స్వాధీనము తప్పుట, కండరములు కొంకరలు పోవుట, రక్తపుపోటు. ఆయన నెలల తరబడి పరీక్షించి, ఆమె గ్రంథిలో చిన్న గడ్డ యుండవలెనని ఊహించి తీయింపగా ఆమె కోలుకొనెను. ఆమెకు 34 యేండ్లు. మా అత్తగారు ఉప్పు మానిన వయస్సే గదా యని ఆ పుటకడ కొంచెము సేపు పుస్తకము మూసితిమి.

అయితే గడ్డవలన వచ్చునది తరతరములకు ప్రాకదు. ప్రాకునది వేఱు. 1966లో కెనడా వైద్యులు ఒక తండ్రిని, అతని కుమారుని గుఱించి వ్రాసిరి. ఇరువురకును రక్తపుపోటు, ఇరువురకును ఆల్డోస్టిరోను హెచ్చు. చిత్రమేమన, డెక్సామెథాసోను అను బిళ్ల కొంచెము మ్రింగగానే ఇరువురకును తగ్గినది. ఎందులకు తగ్గినదో తెలియలేదు. మందు తెలిసిన యిరువదియాఱేండ్లకు, 1992లో, అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డు లిఫ్టను, ఆయన సహచరులు కారణము కనుగొనిరి. ఆ కారణము మాకు చదువగానే బోధపడినది. వైద్యమువలన గాదు, మా నాయనగారి తాటాకులవలన.

మా పుట్టింట తాటాకు ప్రతులు నాలుగు పెట్టె లుండెడివి. ప్రతి వ్రాయువాడు ఒక శ్లోకము సగము వ్రాసి, మూలము చూచుటకు కన్నెత్తును. అవే మాటలున్న మఱియొక శ్లోకము ప్రక్కనే యుండును. చూపు జాఱి దానిపై పడును. దీని మొదటిసగమునకు దాని రెండవసగము తగిలించి వ్రాసికొని పోవును. ఛందస్సు చెడదు. చదువువానికి అనుమానము రాదు. అర్థము మాత్రము తలక్రిందులు. ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటను ఆ తప్పు నిలుచును. మా నాయనగారు అట్టి చోట్ల ఎఱ్ఱసిరాతో చుక్క పెట్టెడివారు.

మన శరీరపు వ్రాతలో ఎనిమిదవ జంటయందు రెండు జన్యువులు ప్రక్కప్రక్కన నున్నవి. నూటికి తొంబదియైదు పాళ్లు రెండింట నవే యక్షరములు. ఒకటి కార్టిసాలు అను హార్మోను చేయుటకు, ఒకటి ఆల్డోస్టిరోను చేయుటకు. ప్రతిదాని మొదటిభాగమున ఎవరు పిలిచిన పలుకవలెనో యుండును; తరువాతిభాగమున ఏమి చేయవలెనో యుండును. కార్టిసాలు జన్యువును పిలుచునది మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి. ఆ పిలుపు తెల్లవారుజామున హెచ్చు, రాత్రి తగ్గు. ఎన్నడో ఏ పూర్వునియందో ప్రతి వ్రాయునప్పుడు చూపు జాఱినది. రెండు శ్లోకములును చెక్కు చెదరక యుండగనే, నడుమ మూడవది పుట్టినది. దాని తల కార్టిసాలుది, మొండెము ఆల్డోస్టిరోనుది. కనుక పీయూషగ్రంథి కార్టిసాలునకై పిలిచినప్పుడెల్ల ఇదియు పలికి ఆల్డోస్టిరోను చేయుచుండును. రెనిను కబురంపకున్నను చేయును. కొట్టు పొంగిపొరలుచున్నను చేయును. ఆ బిళ్ల యెందుకు పనిచేసినదో ఇప్పుడు తేటపడును: అది పీయూషగ్రంథిని ఊరకుంచును, పిలుపు లేదు కనుక పలుకును లేదు.

మఱి రెండు మూడు విధములైన జన్యులోపములవలనను ఈ హార్మోను వంశానుగతముగ హెచ్చుట కలదు. గ్రంథికణముల గోడలయందు పొటాషియము, కాల్షియము, క్లోరైడు రాకపోకలకు ద్వారములున్నవి. ఆ ద్వారములను చేయు జన్యువులలో దోషములను 2011లో ఒకటి, 2015లో ఒకటి, 2018లో ఒకటి కనుగొనిరి. వానికి ఈ డెక్సామెథాసోను బిళ్ల పనిచేయదు. మా యింటిది మొదటిదే కనుక తక్కినవానిని విస్తరింపము.

సుశ్రుతసంహితలో రోగములను ఏడు తెగలుగా విభజించి, మొదటి తెగకు ఆదిబలప్రవృత్తములని పేరు పెట్టిరి. తల్లిదండ్రుల బీజదోషమువలన వచ్చునవి యవి. తల్లివైపువి, తండ్రివైపువి అని మఱల రెండు. ఇది మేము బాల్యమున వల్లించినదే. వల్లించిన మాకు, పండ్రెండేండ్లు ఆ యింట కాపురము చేసియు, మామగారిని తాతగారిని ఒక వరుసను నిలిపి చూడవలెనని తోచలేదు. చదువు నోటనుండిన చాలదు కాబోలు.

మా మఱది నెత్తురులో రెనిను దాదాపు శూన్యము, ఆల్డోస్టిరోను హెచ్చు. జన్యుపరీక్షకు పంపిన కొన్నివారములకు ఆ కలగూర జన్యు వున్నదని జవాబు వచ్చెను. రాత్రి పరుండబోవునప్పుడు ఒక చిన్న బిళ్ల, మఱియొక మందు. రెండుమాసములలో 130/80నకు వచ్చినది. తక్కినవారందఱును పరీక్ష చేయించుకొనవలెనని వైద్యురాలు గట్టిగా చెప్పెను. తల్లిదండ్రులలో ఒకరి కున్నచో బిడ్డకు వచ్చుట సగముపాళ్లు. ఆడుబిడ్డయైనను మగబిడ్డయైనను ఒక్కటే.

మావారికి ఏ బాధయు లేదు. పొటాషియము సరిగనే యున్నది. అయినను రక్తపుపోటు 150/95, జన్యువును ఉన్నది. ఒక్క యింటనే ఒకరికి తీవ్రముగను ఒకరికి మెల్లగను ఉండుట ఈ రోగమున వింత కాదట. వైద్యురాలు ఊరక యుండక, "మాస్టారూ, గొంతుకు ఏమైనా వాడుతున్నారా?" అని యడిగెను. పాఠములు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోవుటచే మావారు పదేండ్లుగా అతిమధురపుముక్క బుగ్గను పెట్టుకొని నములుచుండిరి. తెచ్చి యిచ్చునది మేమే. ఎండబెట్టి సీసాలో పోసి యుంచునది మేమే. అతిమధురము హెచ్చుగా తిన్నచో ఆల్డోస్టిరోను చేయు పనినే శరీరములో చేయించి, ఉప్పును నిలిపి, పొటాషియమును పోగొట్టునట. మంచి మందే గాని అందఱకును, అన్ని దినములును గాదు. సీసా తీసి పాఱవైచితిమి. ఆ దినము మా అత్తగారిమీద వేసిన నింద మామీద ఎవరైన వేసియుండినచో ఏమి జవాబు చెప్పియుందుము అని రాత్రి చాలసేపు నిద్రపట్టలేదు.

అయినచో ఉప్పు తప్పు లేదా యని యడుగుదురేమో. లేదనలేము. ఈ రోగమున్నవారి శరీరము తిన్న ఉప్పును విడువదు గనుక వారు అందఱికంటె తక్కువ తినవలెను. లోపల నిప్పున్నచోట అది ఆజ్యము. కాని నిప్పు వంటయింట పుట్టినది కాదు. దినమునకు మనిషికి అయిదు గ్రాములు, అనగా చిన్నచెంచా తలకొట్టినంత, మించరాదన్నది ఆరోగ్యవంతులకును వర్తించు కొలతయే. ఊఱగాయ, అప్పడము, వడియము అందులోనే చేరును. మా యింట ఇప్పుడు చెంచాతో కొలిచి వేయుచున్నాము. వింత యేమన, ఆ యింట ఈ రోగముతో రక్తసంబంధము లేని పెద్దమనిషి మా అత్తగారొక్కరే. ఉప్పు మానినదియు ఆమె యొక్కరే.

1998లో, మా మామగారు పోయిన సంవత్సరముననే, ఇట్టి 27 కుటుంబములను పరిశీలించిన వైద్యులు, వానిలో సగమునకు దగ్గరగా మెదడునాళములకు సంబంధించిన విపత్తులు వచ్చెననియు, పలువురకు చిన్నవయస్సుననే నెత్తురు చిమ్మెననియు ప్రకటించిరి. అందుచేత మెదడునాళములను యంత్రముతో చిత్రము తీయించి చూచుకొనవలెనని సలహా. మావారును మఱదియు తీయించుకొనిరి. బాగుగనే యున్నవి.

పిల్లల మాట చెప్పుటకు మాకు చేయి ముందునకు సాగుట లేదు. ఇరువురకును పరీక్ష చేయించితిమి. పిల్లవానికి లేదు. పిల్లకు ఉన్నది. దానికప్పుడు ఏడేండ్లు. రక్తపుపోటు ఇప్పటికి సరిగనే యున్నది. ఆఱుమాసముల కొకమారు కొలిపించుచున్నాము. ఎదిగినపిదప మందు కావలసి యుండవచ్చును. గర్భము ధరించినప్పుడు ఈ రోగమునకు వాడు మందులలో కొన్ని నిషిద్ధములు గనుక ముందుగనే వైద్యునితో చెప్పవలసి యుండును. తొలికాన్పున మూర్ఛలతో పోయిన ఆ మేనత్తకును ఇదియే యుండెనో లేదో ఇప్పుడు తేల్చువారు లేరు. కాని ఆ కథ మఱల జరుగనీయము.

దగ్గరిబంధువు లొకరు వచ్చి, "ఆడపిల్ల. నలుగురిలో చెప్పకండి, రేపు సంబంధాలు చూడాలి" అని హితవు చెప్పిరి. మావారు లెక్కల మాస్టారగుటచే సగముపాళ్లు అనగా ఎంతయో వారికి చెప్పబోయిరి. మేము కనుసైగచేసి ఆపితిమి. ఆ రాత్రి పిల్లల జాతకచక్రములున్న పొత్తము తీసి, పిల్ల జాతకము వెనుకపుటలో ఆ జన్యువు పేరు, పరీక్ష చేసిన తేది, తాతగారు పోయిన వయస్సు, ముత్తాతగారు పోయిన వయస్సు వ్రాసితిమి. మా నాయనగారివలె ప్రక్కన ఎఱ్ఱచుక్క పెట్టితిమి. జాతకము చూపవలసినవారికి ఆ పుటయు చూపుదుము. చూచి వెనుదిరుగువారు తిరుగుదురు గాక. మా మామగారి వంశమున ఈ పుట యొకటి యుండినచో ఎందఱు బ్రదికి యుందురో!

సోదరీమణులారా, మీ యింట ముప్పదియేండ్లు దాటకయే రక్తపుపోటు వచ్చినవా రున్నచో, నలుబదికి ముందే పక్షవాతముతోనో మెదడునరము చిట్లియో పోయినవా రున్నచో, వైద్యునికి ఆ వయస్సులు మీరే చెప్పుడు, అడుగువఱకు ఆగకుడు. పొటాషియము సరిగనున్నంత మాత్రమున ఇది లేదని తలంపరాదు. రెనిను, ఆల్డోస్టిరోను పరీక్షలు చేయింపవలెనా యని అడుగుట తప్పు కాదు. వాడుచున్న మందులు కొన్ని ఆ పరీక్షలను తారుమారు చేయును గనుక వాని చీటి వెంట గొనిపోవలెను. కాని మందులు మీయంతట మీరు మానరాదు.

వైద్యురాలు జన్యువు మాట చెప్పిననాడు మా అత్తగారు ఏమియు అనలేదు. ఇంటికి వచ్చి స్నానము చేసి దేవునియెదుట చాలసేపు కూర్చుండిరి. మఱునాడును, ఆ మఱునాడును యథాప్రకారము, "అమ్మాయీ, ఉప్పు వేసిపో" అని పిలిచిరి. మేమును పోయి వేసితిమి. ఇరువది నాలుగేండ్ల యలవాటు గదా. మేమేమియు అనలేదు. ఏమని అనగలము? అటులే నాలుగైదు మాసములు గడచెను.

2023 వేసవిలో ఒకనాడు మేము పెరటిలో చింతపండు గింజలు తీయుచుంటిమి. పిలుపు వచ్చునని చెవి యొగ్గియే యుంటిమి. ప్రొద్దెక్కెను. రాలేదు. లోనికి పోవుసరికి కంచములు పెట్టియున్నవి, వడ్డన జరుగుచున్నది. మావారు పప్పు కలుపుకొని మొదటిముద్ద నోట పెట్టుకొని మావంక చూచిరి. మేమును వారివంక చూచితిమి. ఎవరమును మాటాడలేదు.

"మామ్మా, పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నది మా పిల్ల.

"అంతే వెయ్యాలిటే. చెంచాతో కొలిచే వేశాను" అని, అత్తగారు తమ కంచములోనికిని ఆ గిన్నెలోని పప్పే వడ్డించుకొనిరి.